చర్చి కిటికీల కింద మల్లెపాదులు

పాత కట్టడాల మరమ్మతు పనిలోకి కొత్తగా వస్తున్న ఇంజనీర్ల కోసం ఇది రాస్తున్నాను. నాకు ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయో, ఏ ఫైలు ఎక్కడ ఆగిందో చెబితే మీకు నిద్రొస్తుంది, నాకూ వస్తుంది. నేను నిజంగా చేసిన పని వేరు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో బీటలిచ్చిన పాత గోడల ముందు నిలబడి, "ఇది ఉంటుందా, పోతుందా?" అని అడిగినవాళ్ళకి జవాబు చెప్పడం.

తుళ్ళూరు వైపు కొత్త భవనాలకి మట్టి పరీక్షలు చేసే కుర్ర ఇంజనీర్లు కనిపించినప్పుడల్లా, "కరీం గారూ, మీరు కట్టిన బిల్డింగు ఒక్కటన్నా చూపించండి" అని ఆటపట్టిస్తారు. నేను కట్టింది ఒక్కటీ లేదు. కూలగొట్టకుండా ఆపినవి మాత్రం కొన్ని ఉన్నాయి. వాటిలో ఒక చర్చి ముందు నిలబడితే ఇప్పటికీ నా చెయ్యి గోడ మీదికి పోతుంది. దాని గురించే ఎక్కువగా చెబుతాను.

ముందు మట్టి సంగతి

మాది వినుకొండ. మా నాన్న సున్నం బట్టీ నడిపేవాడు కాబట్టి సున్నం సంగతులు నాకు ఇంట్లోనే వచ్చాయి. మట్టి సంగతి మాత్రం ఉద్యోగంలో చేరాకే తెలిసింది. పత్తీ మిరపా పండే మన నల్లరేగడి రైతుకి ఎంత మంచిదో, ఇల్లు కట్టేవాడికి అంత తలనొప్పి. వానకి పొంగుతుంది, ఎండకి ముడుచుకుంటుంది. మిరపచెట్లు పీకేశాక మే నెలలో ఆ చేలల్లో నడిచి చూడండి, నెర్రెల్లో మోచేతిదాకా చెయ్యి దిగిపోతుంది. అలాంటి మట్టి మీద కూర్చున్న గోడ దానితోపాటే లేస్తుంది, దానితోపాటే దిగుతుంది.

నా మొదటి పైఅధికారి రాఘవరావు గారు మహా కోపిష్టి. చేతిలో ఏది ఉంటే అది విసిరేసేవారు. అయినా ఆయన్ని నేను గురువుగానే తలుచుకుంటాను, ఎందుకంటే తన తప్పు తానే పిలిచి చూపించిన అధికారి నాకు మళ్ళీ దొరకలేదు. ఒకసారి ఎండాకాలంలో ఒక పాత ట్రావెలర్స్ బంగళా చూసి, ఇక లాభం లేదు, కూల్చేయమని రాసిచ్చారు. ఏదో కారణంతో కూల్చడం ఆలస్యమైంది. వానలు వెనకబట్టాక ఇద్దరం అటువైపు వెళ్ళాం. ఆయన నన్ను గోడ దగ్గరికి లాక్కెళ్ళారు.

"ఏరా కరీమూ, ఎండాకాలంలో ఇందులో నా వేలు పట్టింది. ఇప్పుడు కాగితం ముక్క కూడా పట్టట్లా. దీన్ని చంపమనా నేను సంతకం పెట్టింది?" అన్నారు.

తిరుగు దారిలో జీపులో ఒక్కటే మాట తిప్పి తిప్పి చెప్పారు. ఒక వానాకాలమూ ఒక ఎండాకాలమూ చూడకుండా నల్లరేగడి మీద గోడ గురించి నోరు తెరవద్దని. చదువుకున్న చదువు కంటే ఆ మాటే నాకు ఎక్కువ అన్నం పెట్టింది.

ఇంకొకటి. ఎండాకాలంలో బీట కనపడగానే సిమెంటు కూరేసే వాళ్ళున్నారు. వాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. వానలొచ్చి మట్టి పొంగినప్పుడు ఆ బీట మూసుకోవాలి. మూసుకోడానికి చోటు లేకుండా రాయిలాంటి సిమెంటు అడ్డం పెడితే గోడ పక్కన ఇంకోచోట పగులుతుంది. సున్నపు గోడకి సున్నమే వాడండి, అదీ బీట మూసుకున్న కాలంలో వాడండి.

మొదటిసారి చూసిన రోజు

ఆ ఊరి పేరు రాయను. చిలకలూరిపేట నుంచి ఒంగోలు వెళ్ళే దారికి కాస్త పక్కకి ఉంటుంది. నేను రిటైరవడానికి కొద్దికాలం ముందు, మంచి ఎండల్లో, అక్కడి పాస్టరు దేవసహాయం గారు ఫోన్ చేశారు. "వందనాలండి. మా చర్చి ఒకసారి చూసి పోవాలండి" అన్నారు. అంతకు మించి చెప్పలేదు.

కాలువల పనుల మీద, ఉప్పు కొటారుల మీద ఉన్న ఇంగ్లీషు దొరలు తమ ఆరాధన కోసం కట్టుకున్న ఆంగ్లికన్ చర్చి అది. వాళ్ళు వెళ్ళిపోయాక తెలుగు సంఘం చేతికొచ్చింది. బయటినుంచి చూస్తే రాతి గోడలు, పడమటివైపు ఒక గంట గోపురం, చుట్టూ మిరపకాయలు ఆరబోసిన కళ్ళాలు. ఆ ఘాటుకి నేను తుమ్ముతూనే లోపల అడుగు పెట్టాను.

లోపలికి వెళ్ళాక తుమ్ములు ఆగాయి. బయట ఒళ్ళు కాలే ఎండ, లోపల చల్లగా ఉంది. తల ఎత్తాను. కొస తేలిన కమానులు ఒకదాని వెనక ఒకటి తూర్పున బలిపీఠం దాకా వెళుతున్నాయి. పైన టేకు దూలాల కప్పు, కొత్తపట్నం ఒడ్డున బోర్లించిన పడవ కింద దూరి పైకి చూస్తున్నట్టుంది. గోడ పైభాగాన గుండ్రటి కంతలు పెట్టారు, వేడిగాలి పైకి పోయి వాటిలోంచి బయటపడుతుంది. దక్షిణం కిటికీలు గోడలో ఎంత లోతుగా కూర్చున్నాయంటే, నడి ఎండ వాటి అంచు దగ్గరే ఆగిపోతుంది. రంగు అద్దాల్లోంచి వచ్చిన ఎరుపూ నీలమూ మాత్రం పల్నాటి నాపరాళ్ళ నేల మీద పడి మెల్లగా కదులుతున్నాయి. గోడల సున్నం పూత మీద చెయ్యి పెట్టాను. మా నాన్న చూసి ఉంటే అక్కడే కూలబడేవాడు. అంత నునుపు సున్నం నేను పుట్టి పెరిగిన బట్టీ చుట్టుపక్కల ఎక్కడా చూడలేదు.

స్తంభాల తలల మీద ఆకులూ తీగలూ చెక్కడం ఇంగ్లీషు చర్చిల్లో ఆనవాయితీ. ఇక్కడా చెక్కారు. దగ్గరికెళ్ళి చూస్తే అవి సీమ ఆకులు కావు, పత్తి ఆకులు. మధ్యలో విచ్చుకున్న పత్తికాయలు. దొర ఏదో బొమ్మ చూపించి చెక్కమని ఉంటాడు. శిల్పి ఆ బొమ్మ పక్కన పెట్టి చేలోకి చూశాడు. ఎవరూ చూడటం లేదు కదా అని ఆ పత్తికాయని వేలితో తడిమాను.

ఉత్తరం గోడలో మనిషి తల ఎత్తున చిన్న చిల్లు ఒకటి ఉంది. ఏమిటని పాస్టరు గారిని అడిగితే పంకా తాడు బయటికి పోయే దారి అన్నారు. దొరలు లోపల కూర్చుంటే, తాడు లాగేవాడు బయట ఎండలో కూర్చునేవాడట.

ఆ తర్వాత పాస్టరు గారు నన్ను పడమటివైపు తిప్పి చూపించారు. గోపురం కింది కమాను నడినెత్తి నుంచి పక్క గోడ మీదుగా నేలదాకా బీట. అందులో నా అరచెయ్యి నిలువుగా పట్టింది. పక్కనే ఎవరో కిందటేడు ఎండల్లో సిమెంటు కూరిన బీట కూడా ఉంది.

తాళం

నేను వెళ్ళడానికి కొద్ది రోజుల ముందు, ఈస్టర్ ఆరాధన మధ్యలో ఆ కమాను నుంచి పెద్ద పెళ్ళ ఊడి పాటల బృందం బల్ల మీద పడింది. పిల్లలు అప్పుడే పాట కోసం లేచి ముందుకు వెళ్ళారు కాబట్టి సరిపోయింది. ఆ రోజే పాస్టరు గారు తాళం వేసేశారు. అప్పటినుంచి ఆరాధన బయట షామియానా కింద జరుగుతోంది.

సంఘ కమిటీ ఒక నిర్ణయానికి వచ్చేసింది. వానల్లోపు పాతది కూల్చాలి, కొత్తది మొదలుపెట్టాలి. ప్లాను కూడా సిద్ధం. కమిటీ పెద్ద శామ్యూల్ గారికి గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం. చేతికి ఎముక లేని మనిషి, మాట మాత్రం కత్తి. చర్చి వాడకానికి పనికిరాదని నేను ఒక సంతకం పెడితే చాలు, వాళ్ళ పని మొదలవుతుంది.

"వానలు పోయి, మళ్ళీ ఎండాకాలం వచ్చేదాకా నేనేమీ చెప్పలేనండి" అన్నాను.

శామ్యూల్ గారు నవ్వారు. "సరిపోయింది. పడిద్దో పడదో చెప్పమంటే, పడ్డాక చెబుతానన్నట్టుంది మీ మాట."

పాస్టరు గారు నవ్వలేదు. "మీరు ఆగమంటే ఆగుతామండి. కానీ వానల్లో అది కూలి, గోడ పక్కన ఎవరైనా ఉంటే, ఆ శవపెట్టె ముందు నిలబడి ప్రసంగం చెప్పాల్సింది నేను" అన్నారు. ఆయన భయం సరైన భయం.

కమాను కింద సరుగుడు బాదులతో దన్ను పెట్టించాను. దగ్గరికి ఎవరూ రాకుండా కంచె కట్టించాను. బీటకి అడ్డంగా సన్నటి గాజు పలకలు సున్నంతో అతికించాను. గోడ కదిలితే గాజు పగులుతుంది, ఎటు కదిలిందో కూడా తెలుస్తుంది. ఇప్పుడు బీట కొలిచే మీటర్లొచ్చాయి, వాడండి. గాజుముక్క అయితే అందరికీ కనిపిస్తుంది, ఎవరూ నాతో వాదించరు.

నన్ను తొలిచేసింది వేరే సంగతి. ఇదే మట్టి, ఇవే ఎండలు. తాతల కాలం నుంచి జుట్టంత బీట కూడా లేకుండా నిలబడ్డ గోడ ఈ ఒకటి రెండేళ్ళలోనే ఎందుకు పగిలింది?

గొయ్యి

చర్చి చుట్టూ గోడని ఆనుకుని కొత్త టైల్స్ వేసి ఉన్నాయి. నీటుగా ఉంది, తప్పు పట్టడానికి లేదు. గోడ పక్కన గట్టి నేల వేయమని నేనే చాలాచోట్ల చెప్పాను. పడమటి మూల నాలుగు టైల్స్ లేపించి పునాది చూడ్డానికి తవ్వించాను. పైన జానెడు మట్టి. దాని కింద నల్లరేగడి వస్తుందనుకుంటే ఇసుక వచ్చింది. ఇంకా తవ్వితే ఇంకా ఇసుక. గుప్పెట్లోకి తీసుకుంటే అందులో చిన్న చిన్న గవ్వపెంకులు.

సముద్రం అక్కడికి ఎంత దూరమో మీరే పటంలో చూసుకోండి. నల్లరేగడి ఈ గోడని కదిలిస్తుందని ఆ కట్టినవాడికి తెలుసు. అందుకని చర్చి చుట్టూ లోతైన కందకం తవ్వి, సముద్రపు ఇసుక పడవల మీద, బండ్ల మీద తెప్పించి నింపాడు. ఇసుక పొంగదు, ముడుచుకోదు, నీళ్ళు పోస్తే చుట్టూరా సమంగా పంచుతుంది. నేను గొయ్యిలో మోకాళ్ళ మీద కూర్చుండిపోయాను. పైన ఆ కమానులు, ఆ అద్దాలు చూసి ఆశ్చర్యపోయాను గాని, అసలు తెలివంతా ఎవరికీ కనపడకుండా ఇక్కడ పూడ్చి ఉంది.

కానీ ఆ ఇసుక మంగలంలో వేయించినట్టు పొడిగా ఉంది. దాని పక్కన నల్లమట్టి నెర్రెలిచ్చి పునాది కిందినుంచి విడిపోయింది. ఆ నెర్రెల్లోకి పడమటివైపు ఉన్న వేపచెట్ల వేళ్ళు తేమ వెతుక్కుంటూ దూరాయి. అంటే ఇంతకాలం ఎండల్లో ఈ ఇసుకకి నీళ్ళు ఎక్కడినుంచో అందేవి, ఇప్పుడు అందడం లేదు. గోడ దగ్గర్లో బావి లేదు, కాలువ లేదు. ఎక్కడినుంచి?

రిటైరైన టీచరు సువార్తమ్మ గారు గొడుగు వేసుకుని గొయ్యి అంచున వచ్చి నిలబడ్డారు. "మా పాదు ఉన్న చోటే తవ్వారే" అన్నారు.

"పాదేంటమ్మా?"

"మల్లెపాదు. రెండేళ్ళ కింద ఈ టైల్స్ వేసేదాకా చుట్టూతా మల్లెలేగా. ఒక్కో ఇంటికి ఒక్కో పాదు. ఈస్టరుకి ముందు నలభై రోజులూ శ్రమదినాలేగా, అవి మొదలైన కాడ్నించి రోజూ మా ఇంటి బిందె మా పాదుకి, వాళ్ళ బిందె వాళ్ళ పాదుకి. ఈస్టరుకి పూలు బలిపీఠం మీదకెళ్ళేయి. ఆ తర్వాత కూడా వానలు పడేదాకా మానేవాళ్ళం కాదు. పాముల భయమని, కార్లు పెట్టుకోడానికి చోటు లేదని తీయించేశారు."

"ఎవరు మొదలుపెట్టారమ్మా ఇది?"

ఆవిడ గొడుగు మూసి, కిటికీల వైపు చూశారు. "దొరలున్నప్పుడు మావాళ్ళకి లోపల చోటు లేదు బాబూ. వంటవాళ్ళు, ఆయాలు, గుర్రాలవాళ్ళు, పంకా లాగేవాళ్ళు, అందరూ కిటికీల కింద నిలబడి వినేవాళ్ళు. ఎవరి కిటికీ వాళ్ళది. మా అమ్మమ్మది ఈ మూల. ఎండకి కాళ్ళు కాలతన్నాయని తలా ఒక బిందె నీళ్ళు తెచ్చి, నిలబడే చోట పోసుకునేవాళ్ళంట. తర్వాత అక్కడే మల్లెంట్లు నాటారు."

నేను పైకి ఎక్కి గోడకి వీపు ఆనించి నిలబడ్డాను. నాకు కళ్ళు చెమర్చాయి, దాచుకోలేదు. ఎన్నో కట్టడాలు చూశాను. ఎవరినైతే లోపలికి రానివ్వలేదో వాళ్ళు కాళ్ళు చల్లబరుచుకోడానికి పోసుకున్న నీళ్ళ మీద నిలబడ్డ కట్టడాన్ని మాత్రం మళ్ళీ చూడలేదు.

మూడో కిటికీ

చుట్టూ టైల్స్ మొత్తం లేపి, పాదుల చోట మళ్ళీ నీళ్ళు పోయాలని కమిటీకి చెప్పాను. పాస్టరు గారు శామ్యూల్ గారి వైపు చూశారు. ఆ టైల్స్ ఆయన తన తండ్రి జ్ఞాపకార్థం వేయించినవి. దక్షిణం వైపు మూడో కిటికీ కింద ఆ తండ్రి పేరు చెక్కిన పాలరాయి కూడా ఉంది.

"మా నాన్న పేరు పీకేస్తారా?" అన్నారు శామ్యూల్ గారు.

సువార్తమ్మ గారు సర్దిచెప్పబోయారు. "ఒరే శామ్యూలూ, మీ పాదు కూడా అక్కడేగా. మీ నాయనమ్మ ఆ కిటికీ కిందే నిలబడేదని నీకు తెలుసుగా."

"తెలుసు టీచరుగారూ. తెలిసే వేయించా." ఆయన గొంతు పెరిగింది. "మా నాయనమ్మ దొరసానికి వంట చేసింది. అది వండింది లోపలోళ్ళు తిన్నారు, అది మాత్రం బయట నిలబడింది. మా నాన్న దాని చంకలో ఉండి ఆ కిటికీ చూశాడు. ఆ చోటు చూస్తే నాకు కడుపు రగిలిద్ది. అక్కడ మల్లెలేంది, నీళ్ళేంది? ఆ గుర్తే ఉండకూడదు. ఈ బిల్డింగే ఉండకూడదు. మా పిల్లలకి లోపలా బయటా అని లేని చర్చి కడదామంటే మీరు అడ్డం పడతన్నారు."

మీకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన పనిలో పాతది కాపాడటమే పుణ్యం, కూల్చేవాడు మూర్ఖుడు అనే గర్వం ఒకటి అంటుకుంటుంది. నాకూ ఉండేది. ఆ రోజు శామ్యూల్ గారి ముందు అది నిలబడలేదు. అందమైన కమాను అని నేను మురిసిపోయింది ఆయన నాయనమ్మని బయట నిలబెట్టిన కమాను.

"మీరన్నదాంట్లో తప్పు లేదండి" అన్నాను. "నేను మట్టి గురించే చెప్పగలను. దొరలు మంచి ఇసుక పోశారు. పోసి వెళ్ళిపోయారు. అది తడిగా ఉన్నంతకాలమే గోడ నిలబడింది. తడిపింది మీ నాయనమ్మ, మీ నాన్న, వీళ్ళంతా. లెక్క చూస్తే ఈ చర్చి లోపల కూర్చున్నవాళ్ళది కాదండి. కూల్చాలంటే కూల్చండి, అది మీ హక్కు. పాడైపోయిందని మాత్రం నాతో సంతకం పెట్టించొద్దు. అది పాడవలేదు, దాహంతో ఉంది."

శామ్యూల్ గారు కారెక్కి వెళ్ళిపోయారు. ఇక ఆ చర్చి పని అయిపోయిందనే అనుకున్నాను.

మర్నాడు ఉదయం నేను వెళ్ళేసరికి మూడో కిటికీ కింద పాలరాయి లేదు. చుట్టూ టైల్స్ లేపుతున్నారు. శామ్యూల్ గారు కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నారు, నా వైపు చూడలేదు. "గొట్టం పెట్టి వదిలేద్దామా నీళ్ళు?" అని మాత్రం అడిగారు.

"వద్దండి. ఒక్కసారిగా పోస్తే ఒకవైపే పొంగుద్ది. కొంచెం కొంచెంగా, చుట్టూతా సమానంగా, రోజూ పోయాలి."

"అంటే బిందెలతో" అన్నారు.

"బిందెలతోనే."

వానలు, ఆ తర్వాత

ఇంటింటి నుంచీ బిందెలొచ్చాయి. తొలకరి పడ్డ వారానికి గాజు పలకల్లో ఒకటి పగిలింది. పాస్టరు గారు ఫోన్ చేశారు. నేను పరుగున వెళ్ళి చూశాను. గాజు నలిగి పగిలింది, సాగి పగల్లేదు. బీట మూసుకుంటోంది. ఆయన నేల మీద కూర్చుని రెండు చేతులతో ముఖం కప్పుకున్నారు.

చలికాలానికి అందులో వేలి గోరు కూడా పట్టలేదు. అప్పుడు పాత సిమెంటు తొలిపించి, గానుగ సున్నంతో పూడ్చి, కొత్త గాజులు అతికించాం. వేపచెట్ల వేళ్ళు గోడవైపు రాకుండా అడ్డు కట్టించాం. సువార్తమ్మ గారి పెరట్లోంచి తెచ్చిన మల్లెంట్లు పాదుల్లో నాటారు. తర్వాతి శ్రమదినాలన్నీ మండే ఎండల్లోనే గడిచాయి. ఈస్టర్ ముందురోజు నేను ప్రతి గాజూ తడిమి చూశాను. ఒక్కటీ పగల్లేదు. అప్పుడు సంతకం పెట్టాను, వాడుకోవచ్చని.

ఈస్టర్ నాడు నన్నూ రమ్మన్నారు. తలుపులు తీశారు. జనం లోపలికి వెళ్ళి కూర్చున్నారు. మల్లెలు మొదటి ఏడు కదా, గుప్పెడే పూశాయి. శామ్యూల్ గారు కనపడలేదు. నేను వెతుక్కుంటూ చర్చి దక్షిణం వైపు వెళ్ళాను. ఆయన మూడో కిటికీ కింద చెప్పుల్లేకుండా తడి మట్టిలో నిలబడి ఉన్నారు.

"లోపల మొదలుపెట్టేశారండి, రండి" అన్నాను.

"ఉండండి. ఇక్కడికి ఎంత వినపడిద్దో చూస్తన్నా" అన్నారు.

లోపల పాట మొదలైంది. కిటికీలోంచి అది మా నెత్తి మీదుగా బయటికి వచ్చింది, ప్రతి మాటా స్పష్టంగా. ఆయన కళ్ళు మూసుకోలేదు, తల వంచలేదు, కిటికీని చూస్తూనే నిలబడ్డారు. పాట అయిపోయాక పంచె అంచుతో పాదాలు తుడుచుకున్నారు. నడిచి ముందుకు వెళ్ళి, పెద్ద తలుపులోంచి లోపలికి వెళ్ళి, అందరికంటే ముందున్న బల్ల మీద కూర్చున్నారు.